తప్పు స్పెల్లింగ్ డొమైన్లు కొనొచ్చా? ఏ రకం పేరుకు డబ్బు పెట్టాలి, దేన్ని వదిలేయాలి

పెద్ద కంపెనీ పేరులో ఒక్క అక్షరం మార్చి డొమైన్ (వెబ్‌సైట్ అడ్రస్ పేరు) కొంటే చాలు, పొరపాటున టైప్ చేసినవాళ్లంతా మన దగ్గరికే వస్తారని, లేదంటే ఆ కంపెనీయే వచ్చి లక్షలు పోసి కొనుక్కుంటుందని ఒక ప్రచారం ఉంది. ఆ మాట నమ్మి యాభై, వంద పేర్లు కొని, ఏటా రెన్యువల్ డబ్బులు కడుతూ కూర్చున్న కుర్రాళ్లను చూస్తుంటే బాధేస్తుంది. వెయ్యి రూపాయలకు దొరికే ఆస్తి కదా, పోతే ఎంత పోతుంది అనుకుంటారు. పోయేది ఆ వెయ్యి ఒక్కటే కాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బ్రాండ్ పేరుకు తప్పు స్పెల్లింగ్ అయితే ఎప్పుడూ కొనొద్దు. మామూలు ఇంగ్లీషు మాటకు తప్పు స్పెల్లింగ్ అయితే, దాదాపు ఎప్పుడూ దండగే. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే రెండో పద్ధతి అయితే మాత్రం ఆలోచించాల్సిన విషయం, ఎందుకంటే అది చాలాసార్లు తప్పే కాదు. ఇక మీ సొంత వ్యాపారం పేరుకు తప్పు స్పెల్లింగ్ అయితే కొనేయండి, కానీ దాన్ని పెట్టుబడి లెక్కలో రాయకండి.

బ్రాండ్ పేర్లకు తప్పు స్పెల్లింగులు

మన దేశంలో ఈ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్‌కు అనుబంధ సంస్థగా మొదలైన సత్యం ఇన్ఫోవే తన పేరును కుదించి ‘సిఫీ’ అని పెట్టుకుంది, 1999లో ఆ పేరుతో డొమైన్లు తీసుకుంది. తర్వాత ఇంకో కంపెనీ అందులో ఇంకొక ‘ఎఫ్’ చేర్చి ‘సిఫీనెట్’ అనే పేర్లు రిజిస్టర్ చేసుకుంది. తమ ప్రమోటర్ల పేర్లలో మొదటి అక్షరాలు కలిపితే ఈ పేరు వచ్చిందని వాళ్ల వాదన. 2004లో సుప్రీంకోర్టు ఆ వాదనను నమ్మలేదు. డొమైన్ పేరుకు కూడా ట్రేడ్‌మార్క్ లాంటి రక్షణే ఉంటుందని, జనాన్ని తికమకపెట్టే పేరు వాడకూడదని తేల్చింది. అంతకు ముందే, 1999లో, రెడిఫ్ అనే వెబ్‌సైట్ పేరులో ‘ఇ’ తీసి ‘ఎ’ పెట్టిన కేసులో బొంబాయి హైకోర్టు కూడా ఇదే దారిలో తీర్పిచ్చింది. అక్కడ కూడా వేరే మాటల మొదటి అక్షరాలు కలిపి పెట్టుకున్నామనే సమర్థనే చెప్పారు, అక్కడా అది నిలబడలేదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ‘రేపు ఎవరైనా అడిగితే మా తాతగారి పేరు అని చెప్తాను’ అనేవాళ్లు ఈరోజుకీ తగులుతుంటారు. కోర్టులు ఆ కథలు పాతికేళ్ల కిందటే విన్నాయి.

అమెరికాలో శిక్ష ఇంకా గట్టిది. ఇతరుల బ్రాండ్ పేర్లతో డొమైన్లు కొనడాన్ని (సైబర్‌స్క్వాటింగ్) అడ్డుకునే 1999 నాటి చట్టం కింద ఒక్కో పేరుకు 1,000 డాలర్ల నుంచి 1,00,000 డాలర్ల దాకా నష్టపరిహారం వేయొచ్చు. తప్పు స్పెల్లింగులనే వ్యాపారంగా పెట్టుకున్న జాన్ జుకారినీ అనే వ్యక్తికి 2000లో ఒకే కేసులో, ఐదు పేర్లకు కలిపి, 5 లక్షల డాలర్లు పడింది. పిల్లలు టైప్ చేసే పేర్లకు తప్పు స్పెల్లింగులు కొని వాళ్లను అశ్లీల సైట్లకు పంపినందుకు 2004లో రెండున్నరేళ్ల జైలు కూడా పడింది. వెరైజన్ అనే టెలికాం కంపెనీ పేరును పోలిన 663 డొమైన్ల విషయంలో 2008లో ఒక రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే సంస్థ) మీద 3.3 కోట్ల డాలర్ల తీర్పు వచ్చింది, పేరుకు 50,000 చొప్పున. మనం ఇక్కడ ఉంటే ఆ చట్టం మనకెందుకు అనుకోవద్దు. డాట్ కామ్ పేర్లన్నిటి అసలు జాబితా (రిజిస్ట్రీ) నడిపే వెరిసైన్ అమెరికా కంపెనీ. పేరు మీద తీర్పు వస్తే, మీరు ఏ దేశంలో ఉన్నా ఆ పేరు పోతుంది.

అసలు చాలా కేసులు కోర్టు దాకా వెళ్లవు. మీరు డాట్ కామ్ కొనేటప్పుడు ఒప్పుకునే షరతుల్లో యూడీఆర్పీ అనే వివాద పరిష్కార విధానం కలిసే ఉంటుంది. 1999 నుంచి అమల్లో ఉంది. ఫిర్యాదుదారు మూడు విషయాలు రుజువు చేయాలి: పేరు తన ట్రేడ్‌మార్క్‌ను తికమకపెట్టేలా పోలి ఉందని, దాని మీద మీకు న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతో రిజిస్టర్ చేసి వాడుతున్నారని. మీకు జవాబుకు 20 రోజులు ఇస్తారు. ఓడిపోతే పేరు వాళ్లకు బదిలీ అవుతుంది. 2005లో గూగుల్ ఇలాగే కీబోర్డు మీద పక్క అక్షరం తగిలితే వచ్చే నాలుగు పేర్లను ఒకే ఫిర్యాదుతో తీసేసుకుంది. డాట్ ఇన్ పేర్లకు, వాటిని చూసుకునే నిక్సీ సంస్థ నడిపే ఇలాంటి విధానం ఐఎన్‌డీఆర్‌పీ ఉంది, అది కొనేవాడికి ఇంకా ప్రమాదకరం. యూడీఆర్పీలో దురుద్దేశంతో రిజిస్టర్ చేయడం, వాడడం రెండూ చూపాలి. డాట్ ఇన్‌లో రెండింట్లో ఒక్కటి చూపితే చాలు.

ఇక్కడే పెట్టుబడి లెక్క తప్పేది. ఈ ఫిర్యాదులు వినే ప్రపంచ మేధో సంపత్తి సంస్థ వైపోలో ఒకటి నుంచి ఐదు పేర్లకు, తీర్పు చెప్పే ప్యానెలిస్టు ఒక్కరైతే ఫిర్యాదు ఫీజు 1,500 డాలర్లు. లాయరు ఖర్చు అదనం. అంటే కంపెనీకి మీ పేరు కావాలన్నా, అంతకు మించి మీకు ఇవ్వాల్సిన పనే లేదు. మీరు ధర చెప్పిన ఈమెయిల్ కూడా మీకు వ్యతిరేకంగానే పనిచేస్తుంది: ట్రేడ్‌మార్క్ యజమానికి ఖర్చుకు మించిన ధరకు అమ్మాలని కొనడాన్ని యూడీఆర్పీ నియమాలే దురుద్దేశానికి మొదటి ఉదాహరణగా చూపిస్తాయి. 2004లో మైక్రోసాఫ్ట్ పేరు పలికినట్టే ఉండే డొమైన్ పెట్టుకున్న 17 ఏళ్ల కెనడా కుర్రాడికి ముందు 10 డాలర్లు ఇస్తామన్నారు. అతను 10,000 అడిగాడు. ఆ అడగడాన్నే దురుద్దేశానికి సాక్ష్యంగా చూపించారు. ఏ సరుకు వ్యాపారంలోనైనా ధర చెప్పగానే బేరం మొదలవుతుంది. ఇందులో ధర చెప్పగానే కేసు బలపడుతుంది. అందుకే దీన్ని నేను పెట్టుబడి అననే అనను.

సినిమా పేర్లు, హీరోల పేర్లు, నాయకుల పేర్లు కూడా ఇదే గంపలోకి వస్తాయి. జూలియా రాబర్ట్స్ 2000లో వైపో ద్వారా తన పేరు తీసుకుంది. అరుణ్ జైట్లీ 2011లో ఢిల్లీ హైకోర్టు ద్వారా తీసుకున్నారు. తిరుమల దర్శనం, గదుల బుకింగ్‌ను గుర్తుచేసే పేర్ల జోలికి అసలు పోవద్దు. నకిలీ వెబ్‌సైట్ల గురించి టీటీడీ ఎన్నోసార్లు హెచ్చరించింది, కేసులు పెట్టించింది. ఆధార్ పేరు అధికారికంగా రాసేటప్పుడు ‘ఎ’లు ఎక్కువ ఉంటాయి, జనం ఒకటి తగ్గించి రాస్తారు. ఆ తేడాను పట్టుకుని పేరు కొనేవాళ్లు ఉన్నారు. పెన్షన్, రేషన్, దర్శనం కోసం వచ్చే మనిషి అమాయకంగా నొక్కే పొరపాటు మీద సంపాదన అంటే, అది మోసగాళ్లకు వేదిక ఇవ్వడమే. మీరు పెట్టిన పార్కింగ్ పేజీలో (సైట్ కట్టకుండా ప్రకటనలు మాత్రమే చూపించే పేజీ) ఏ ప్రకటన వస్తుందో మీ చేతిలో ఉండదు. ఆ పేరుతో ఎవరినైనా మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల దాకా జైలు. ఈమెయిళ్లది ఇంకో తలనొప్పి: తప్పు అడ్రసుకు పంపిన వాళ్ల ఇన్వాయిస్‌లు, పాన్ కాపీలు మీ మెయిల్ సర్వర్‌కు వచ్చి పడతాయి.

పొరపాటున వచ్చే ట్రాఫిక్ ఏమైంది

ఒకప్పుడు నిజంగానే ఇందులో డబ్బు ఉండేది. 2000 తర్వాతి కొన్నేళ్లు జనం అడ్రస్ బార్‌లో పూర్తి పేరు టైప్ చేసేవాళ్లు. తప్పు కొట్టినవాళ్లు పార్కింగ్ పేజీకి చేరి, అక్కడున్న ప్రకటన నొక్కేవాళ్లు. కొన్న ఐదు రోజుల్లోపు రద్దు చేస్తే డబ్బు వాపసు వచ్చే సౌకర్యాన్ని వాడుకుని, లక్షల పేర్లను ‘రుచి చూసి’ ట్రాఫిక్ ఉన్నవే ఉంచుకునే పద్ధతి కూడా నడిచింది. 2008–09లో డొమైన్ పేర్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్ సంస్థ నియమాలు మార్చి దాన్ని దాదాపు ఆపేసింది. 2008లోనే క్రోమ్ అడ్రస్ బార్‌ను సెర్చ్ బాక్స్‌తో కలిపేసింది. ఇప్పుడు ఫోన్‌లో రెండక్షరాలు కొట్టగానే మిగతాది అదే పూరిస్తుంది, తప్పు కొట్టినా గూగుల్ సరైన దానికే ఫలితాలు చూపిస్తుంది. చాలామంది యాప్ నుంచి బయటికే రారు. పైగా పార్క్ చేసిన డొమైన్లలో ప్రకటనలు కనపడకుండా గూగుల్ యాడ్స్ కొత్త ఖాతాలకు ముందే ఆపేసి ఉంచడం మొదలుపెట్టింది. ఈ ఆదాయం మీద నేడు లెక్క కట్టి కొనేవాళ్లకు పాత వీడియోలు చూపించి ఎవరో అమ్ముతున్నారనుకోవాలి.

మామూలు ఇంగ్లీషు మాటల తప్పులు

‘అకామొడేషన్’లో ఒక ‘ఎమ్’ తీసేసిన పేరు, ‘క్యాలెండర్’ చివర ‘ఎ’ బదులు ‘ఇ’ పెట్టిన పేరు. వీటికి ట్రేడ్‌మార్క్ గొడవ సాధారణంగా ఉండదు. కానీ కొనేవాడు ఎవరు? హోటల్ యజమాని తన బోర్డు మీద తప్పు స్పెల్లింగ్ ఎందుకు రాయించుకుంటాడు? ట్రాఫిక్ సంగతి పైన చెప్పిందే. చట్టపరంగా భయం లేదు కాబట్టి ఇది మంచి ఎంపిక అనుకునేవాళ్లకు ఒక్క లెక్క చెప్తాను. డొమైన్ వ్యాపారంలో ఉన్నవాళ్లు సాధారణంగా వేసుకునే అంచనా ఏటా నూటికి ఒకటో రెండో పేర్లు అమ్ముడవుతాయని. అది సరైన స్పెల్లింగ్ ఉన్న, బాగా ఎంచుకున్న పేర్ల సంగతి. వంద పేర్లకు జీఎస్టీతో కలిపి తలా 1,200 రూపాయలు వేసుకున్నా ఏడాదికి 1,20,000. రెండు పేర్లు అమ్మి అసలు రాబట్టాలంటే ఒక్కోటి 60,000కు పోవాలి. తప్పు స్పెల్లింగ్‌కు 60,000 ఇచ్చే మనిషిని ఊహించుకోండి. ఖర్చు పెరగడమే కానీ తగ్గదు కూడా: డాట్ కామ్ హోల్‌సేల్ ధర (రిజిస్ట్రార్లు వెరిసైన్‌కు కట్టేది) 2021 నుంచి 2024 మధ్య నాలుగుసార్లు పెరిగి 7.85 డాలర్ల నుంచి 10.26కు చేరింది.

ఫ్లికర్, లిఫ్ట్ లాంటి పేర్ల సంగతేమిటి

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఫోటోల సైట్ ఫ్లికర్ ‘ఇ’ లేకుండా గెలిచింది, బ్లాగుల సైట్ టంబ్లర్ కూడా అంతే, అమెరికా క్యాబ్ కంపెనీ లిఫ్ట్ ‘ఐ’ బదులు ‘వై’ పెట్టుకుంది. నిజమే. అయితే ఆ పేర్లకు విలువ వచ్చింది వాటి మీద కంపెనీ కట్టిన తర్వాత. కట్టకముందు అవి ఎవరికీ అక్కర్లేని ఖాళీ పేర్లు. ఇంకో సంగతి గమనించండి. ట్విట్టర్ 2006లో అచ్చులు లేకుండా ఐదు హల్లులతోనే మొదలై, కొన్ని నెలలకే పూర్తి స్పెల్లింగ్ ఉన్న డొమైన్ కొనుక్కుంది. ఫ్లికర్ కూడా 2010లో ‘ఇ’ ఉన్న మామూలు పేరును తన చేతికి తెచ్చుకుంది. డబ్బు తప్పు స్పెల్లింగ్ నుంచి సరైన స్పెల్లింగ్ వైపే నడిచింది. స్పెల్లింగే కాదు, చివరి డాట్ మారినా ఇంతే: అమెరికా ఆన్‌లైన్ కొట్టు ఓవర్‌స్టాక్ 2011లో డాట్ కో పేరుతో ప్రచారం చేసి, జనం అలవాటుగా డాట్ కామ్ కొడుతున్నారని తెలుసుకుని వెనక్కి తగ్గింది. మీరే స్టార్టప్ పెట్టబోతుంటే ఇలాంటి పేరు తీసుకోవచ్చు, అమ్మడానికి వద్దు.

తెలుగు మాటలు: ఇక్కడ ‘తప్పు’ ఏది

నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో ఆశ ఉన్న చోటు ఇదొక్కటే, అందుకే కొంచెం ఎక్కువ చెప్తాను. ఇంగ్లీషులో ‘హోటల్’కు ఒకటే స్పెల్లింగ్. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి అధికారిక పద్ధతి జనంలో లేదు. ‘త’కు మనవాళ్లు ‘టి’ పక్కన ‘హెచ్’ పెడతారు, ఉత్తరాదివాళ్లు ‘టి’ ఒక్కటే రాస్తారు. తిరుపతి రెండు విధాలా కనిపించేది అందుకే. ‘లక్ష్మి’ని ‘కె ఎస్ హెచ్’తో రాసేవాళ్లున్నారు, ‘ఎక్స్’తో రాసేవాళ్లున్నారు. గోంగూరలో దీర్ఘానికి ఒక ‘యు’ చాలంటారు కొందరు, రెండు ‘ఓ’లు పెడతారు ఇంకొందరు. ఆవకాయ మొదట్లో ఒక ‘ఎ’ పెట్టాలా రెండా, చివర ‘వై ఎ’ రావాలా ‘ఐ’ చాలా అన్నది ఏ ఇద్దరు పచ్చళ్ల వ్యాపారులూ ఒకేలా రాయరు. బిర్యానీకి హైదరాబాద్ బోర్డుల మీదే రెండు మూడు రూపాలు. వీటిలో ఏదీ తప్పు కాదు, అన్నీ జనం చేతుల్లో బతికున్న రూపాలు.

కాబట్టి ఒక రూపంలో డాట్ కామ్ అయిపోయినా రెండో రూపంలో దొరకొచ్చు, దాన్ని కొనే వ్యాపారి తన బోర్డు మీద సిగ్గు లేకుండా రాసుకుంటాడు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పిండివంటలు అమ్మేవాళ్లు, దుబాయ్‌లో టిఫిన్ సెంటర్ పెట్టేవాళ్లు, ఇక్కడి నుంచి చీరలు పంపేవాళ్లు ఇలాంటి పేర్లు వెతుకుతారు.

అయితే ఏది బతికున్న రూపం, ఏది నిజంగానే తప్పు అన్నది తేల్చుకోవాలి. ‘తెలుగు’లో మధ్య ‘యు’ తీసి ‘ఇ’ పెట్టే రూపం పాత ఇంగ్లీషు రాతల్లోనూ బయటివాళ్ల నోటా ఉంది. తెలుగువాళ్లెవరూ అలా రాయరు. తెలుగువాళ్లకు అమ్మాలనుకునే వ్యాపారి దాన్ని ముట్టుకోడు. తేల్చుకోవడానికి నాకు నచ్చిన పరీక్ష ఒకటుంది: ఆ మాటను ఫోన్‌లో నలుగురికి చెప్పి, వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాలతో టైప్ చేసి పంపమనండి. ఇంట్లో పెద్దావిడ, కాలేజీ కుర్రాడు, అమెరికాలో ఉన్న బంధువు, బజారులో కొట్టు నడిపే మనిషి అయితే మంచిది. ఇద్దరైనా మీరనుకున్న రూపం రాస్తే అది బతికున్నట్టే. ఒక్కరూ రాయకపోతే వదిలేయండి. తర్వాత జనం ఏ మాట ఎంత వెతుకుతున్నారో చూపించే గూగుల్ ట్రెండ్స్‌లో రెండు రూపాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. గూగుల్ మ్యాప్స్‌లో ఆ రూపంతో కొట్లు ఉన్నాయేమో వెతకండి. పది ఊళ్లలో పది వేర్వేరు కొట్లు అదే మాట వాడుతుంటే అది అందరి మాట. ఒకే కొట్టు, నాలుగు బ్రాంచీలతో కనిపిస్తే అది వాళ్ల బ్రాండ్, వదిలేయాలి.

ట్రేడ్‌మార్క్ వెతకడం తప్పనిసరి. ఐపీ ఇండియా సైట్‌లో పబ్లిక్ సెర్చ్ ఉచితం, వైపో గ్లోబల్ బ్రాండ్ డేటాబేస్ కూడా ఉచితమే. స్పెల్లింగ్‌తో పాటు ఉచ్చారణ పోలికతోనూ వెతకండి. భౌగోళిక గుర్తింపు ఉన్న పేర్లలో జాగ్రత్త: తిరుపతి లడ్డు, పోచంపల్లి ఇకత్, ఉప్పాడ జమ్దానీ, 2023లో గుర్తింపు వచ్చిన ఆత్రేయపురం పూతరేకులు. ఊరి పేరు లేకుండా ఉత్త ‘పూతరేకులు’ ఒక సంగతి, ఊరితో కలిపితే ఇంకో సంగతి.

ధర దగ్గర నిజాయితీగా ఉందాం. మన చిన్న వ్యాపారుల్లో చాలామంది ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మీదే నడిపేస్తారు, డొమైన్ కోసం లక్షలు ఇవ్వరు. కాబట్టి ఇలాంటి పేరును రిజిస్ట్రేషన్ ధరకే కొనండి, వేలంలో పోటీ పడి కొనొద్దు. ఐదు పేర్లతో మొదలుపెట్టండి, రెండేళ్లలో ఒక్కరూ అడక్కపోతే రెన్యూ చేయొద్దు. పాత పేరు గడువు తీరి వచ్చింది కొంటుంటే పాత వెబ్ పేజీలను దాచి ఉంచే వేబ్యాక్ మెషిన్‌లో దాని గతం చూడండి. జూదం సైటుగా వాడిన పేరును శుభ్రం చేయడం కొనడం కంటే కష్టం. డబ్బు లావాదేవీ ఎస్క్రో (పేరు చేతికి వచ్చేదాకా డబ్బు మధ్యవర్తి దగ్గర ఉంచే పద్ధతి) ద్వారానే జరపండి. తెలుగు లిపిలోనే ఉండే డాట్ భారత్ పేర్లకు అభిమానం కొద్దీ ఒకటి తీసుకోవచ్చు, అమ్ముడయ్యే మార్కెట్ మాత్రం నాకు కనపడలేదు.

మీ సొంత పేరుకైతే

మీకు కొట్టో, కోచింగ్ సెంటరో, హాస్పిటలో ఉంటే పైన చెప్పిన ఫోన్ పరీక్ష మీ పేరు మీదే చేయండి. నలుగురిలో ఇద్దరు వేరేలా రాస్తే ఆ రూపం కొని అసలు సైట్‌కు మళ్లించండి. గూగుల్ కూడా తన పేరులో ‘ఓ’ ఒకటి తగ్గినా, ఎక్కువైనా తన దగ్గరికే వచ్చేలా కొనిపెట్టుకుంది. రెండు మూడు రూపాలు, డాట్ కామ్, డాట్ ఇన్ కలిపి ఏడాదికి కొద్ది వేలలోనే అయిపోతుంది. అన్ని రూపాలూ కొనాలని టెన్షన్ పడక్కర్లేదు. డబ్బు కట్టించుకునే పేజీ ఉన్నవాళ్లు, పేషెంట్ల రిపోర్టులు ఈమెయిల్‌లో పంపేవాళ్లు మాత్రం దీన్ని వాయిదా వేయకూడదు.

ఇప్పటికే కొనేసి ఉంటే

మీ జాబితాలో బ్రాండ్ పేర్ల తప్పులు ఉంటే ఈరోజే ఆటో రెన్యువల్ తీసేయండి, పార్కింగ్ ప్రకటనలు ఆపేయండి, అమ్మకానికి పెట్టిన లిస్టింగులు తొలగించండి. కొన్న ధరైనా రాబట్టుకుందామని ఆ కంపెనీకి ఈమెయిల్ రాయొద్దు. వేరే కుర్రాడికి అంటగట్టొద్దు, మీ నష్టం అతని నెత్తిన వేసినట్టవుతుంది. నోటీసు వస్తే దాచిపెట్టొద్దు, రిజిస్ట్రార్ ఖాతాలో ఉన్న ఈమెయిల్ రోజూ చూస్తున్నదేనా అని ఇప్పుడే సరిచూసుకోండి. వచ్చింది యూడీఆర్పీ ఫిర్యాదు అయితే ఆ 20 రోజుల గడువు లోపల లాయరుతో మాట్లాడండి. పేరు మీద మీకు నిజంగా హక్కు లేకపోతే, ఎదురు డబ్బు అడగకుండా బదిలీకి ఒప్పుకుంటే చాలాసార్లు అక్కడితో ముగిసిపోతుంది.